నా పెళ్ళి సూటు తొడుక్కున్నవాళ్ళు

సూర్యుడు కుంగుతుంటే నోరు వెళ్ళబెట్టి చూసే మనుషులంటే నాకు మొదటినుంచీ చులకనే. వాడు రోజూ కుంగుతాడు. ఏదో ఒక రోజు మానేస్తే చెప్పండి, కెమెరా భుజాన వేసుకుని నేనే పరిగెత్తుకొస్తాను.

మా ఊరు ఇస్సిక్-కుల్ సరస్సుకి తూర్పు కొసన ఉంది. సాయంత్రమయ్యేసరికి సూర్యుడు సరిగ్గా నీళ్ళలోకే దిగుతాడు. ఆ ఒక్క కారణానికి రాజధాని బిష్కెక్ నుంచి జనం కార్లలో దిగబడతారు. సరస్సుకి వీపు పెట్టి, అరచెయ్యి గాల్లో చాచి, సూర్యుణ్ణి చేత్తో పట్టుకున్నట్టు ఫోటో దిగుతారు. మొన్న వేసవిలో ఒకమ్మాయి సూర్యుణ్ణి పుచ్చకాయ ముక్కలా కొరుకుతున్నట్టు దిగింది. ఆ అమ్మాయికి అది ఇరవై మూడోసారికి కుదిరింది. అప్పటికి సూర్యుడు లేడు, పళ్ళు మాత్రం ఉన్నాయి.

నా పేరు ఎస్తెబెస్. నాకు యాభై ఒకటి నిండాయి. ఊళ్ళో ఫోటో దుకాణం నాదొక్కటే. పాస్‌పోర్టు ఫోటోలు కూడా తీస్తాను గానీ, నన్ను పోషించేది చచ్చినవాళ్ళు. మా వైపు మనిషి పోయిన ఏడాదిలోగా గోరీ మీద నల్లరాయి నిలబెట్టి, దాని మీద పోయినవాడి బొమ్మ చెక్కిస్తారు. చెక్కేవాడు కరకోల్ పట్నంలో ఉంటాడు. వాడికి బొమ్మ తయారుచేసి పంపేది నేను.

ఆ బంధువులు తెచ్చే ఫోటోలు మీరు చూడాలి. ఏదో పెళ్ళిలో తాగి కళ్ళు మూతలు పడుతున్నప్పటిది ఒకటి, గొర్రె కాళ్ళు పట్టుకుని వంగినప్పటిది ఒకటి. అందరికీ కావలసింది మాత్రం ఒకటే. "బైకె," అంటారు, మా వైపు అన్నని అలా పిలుస్తారు, "కొంచెం సూటు వేయించు. టై కూడా." బతికినన్నాళ్ళూ పేడ తొక్కినవాడికి పోయాక టై కావాలి! ప్రతివాడికీ కొత్త సూటు ఎక్కడినుంచి తెస్తాను? పాతికేళ్ళ కిందట నా పెళ్ళి సూటు తొడుక్కుని, గోడ ముందు నిలబడి, నన్ను నేనే ఒక ఫోటో తీసుకున్నాను. కాలరు పైన తల కత్తిరించేశాను. ఇక ఎవరి తల వస్తే వాళ్ళ తల దాని మీద అతికించడమే పని.

నా పెళ్ళి రెండేళ్ళు కూడా నిలవలేదు. ఆ సూటు మాత్రం ఇప్పటికి అరవై ముగ్గురు తొడుక్కున్నారు.

ఇంకో సంగతి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న కాసే ఆడగుర్రం మీంచి నేను పడి నా ఎడమ భుజం ఎముక విరిగింది. ఊరి వైద్యుడు దాన్ని వంకరగా అతికించాడు. అప్పట్నుంచి నా ఎడమ భుజం రెండు వేళ్ళు కిందికి వాలి ఉంటుంది. అంటే మా ఊరి గోరీల దిబ్బ మీద ఉన్న మగాళ్ళంతా ఒకే భుజం వాల్చుకుని నిలబడి ఉంటారు. భార్యలొచ్చి ఏడుస్తారు, కొడుకులొచ్చి దువా చదివి ముఖం తడుముకుని వెళ్తారు. ఆ భుజాన్ని ఒక్కరంటే ఒక్కరు పోల్చుకోలేదు. మా వాళ్ళు అంత శ్రద్ధగా ఏడుస్తారు.

ఈ పని మీద నాకు విసుగు పుట్టి చాలాకాలమైంది. అలాంటి సమయంలో మెలిస్ వచ్చాడు. వాడు రేవు పక్కన కొత్తగా హోటల్ కడుతున్నాడు. నాకన్నా పదేళ్ళు చిన్న, బుర్రలో ఇంకో పదేళ్ళు చిన్న.

"బైకె, భోజనాల గదిలో పన్నెండు సూర్యాస్తమయాలు కావాలి. గోడంత ఒక్కోటి. తినేవాళ్ళు ఫోర్కు పక్కన పెట్టి చూడాలి."

"తిండి అంత బాగోదా?"

"నీ నాలుక కోసెయ్యాలి," అని నవ్వాడు మెలిస్. "మంచు పడేలోపు ఇవ్వు. నచ్చితే నిన్నే పెట్టుకుంటాను, ఏడాది పొడుగునా. అతిథులకి ఫోటోలు తియ్యడమే పని. చచ్చినవాళ్ళ మొహాలు ఇంకా ఎన్నాళ్ళు తుడుస్తావు?"

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. సూర్యుణ్ణి కొరికే అమ్మాయిలనైనా భరించొచ్చు, వాళ్ళు కనీసం కదులుతారు. సరేనన్నాను.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. ఆమె పేరు బుబుసారా, నాకు ఆపా; మా భాషలో అమ్మని అలాగే పిలుస్తాం. డెబ్భై ఎనిమిదేళ్ళు. ప్రతి గురువారం పొద్దుగూకే వేళకి పిండి కలిపి, పల్చగా వత్తి, ఏడు తోకోచ్‌లు నూనెలో వేయిస్తుంది. పోయినవాళ్ళ ఆత్మలు ఆ వేళకి ఇళ్ళకొస్తాయట. నూనె వాసన వాళ్ళకి తిండి. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అంతే. గురువారం సాయంత్రం మా వీధిలో నడిస్తే బట్టలకి కూడా నూనె కంపు పడుతుంది.

"వాసనతో కడుపు నిండేదైతే ఊళ్ళో బతికున్నవాళ్ళకి కూడా అదే పెట్టు ఆపా. పిండి మిగులుతుంది," అనేవాణ్ణి నేను, మొదటి తోకోచ్ వేడివేడిగా లాక్కుని తింటూ.

అమ్మ పోట్లాడేది కాదు. కానీ ప్రతి గురువారం చివర్లో ఒక మాట అనేది. "మీ నాన్న రాయి మార్పించరా."

మా నాన్న కచ్కిన్‌బాయ్ పోయి మూడేళ్ళు. జీవితమంతా గుర్రాలు కాశాడు. ఆయనకి ఉన్నది ఒకే ఒక్క ఫోటో. నూనె మరకలున్న దూది కోటు, చెవుల మీదికి జారిన టోపీ, బూడిదరంగు ఆడగుర్రం మెడ మీద చెయ్యి. అది నన్ను పడేసిన గుర్రమే. రాయికి ఆ ఫోటోయే పంపమని అమ్మ బతిమాలింది. నాకు సిగ్గేసింది. ఊరందరికీ సూట్లు తొడిగినవాడి తండ్రి చిరుగుల కోటులో నిలబడతాడా? తల కత్తిరించి నా సూటు మీద పెట్టేశాను.

"ఆయన రావట్లేదురా," అనేది అమ్మ. "అందరి మగాళ్ళూ వస్తున్నారు. ఈయన గేటు దాకా వచ్చి ఆగిపోతున్నాడు. గుర్రపు చెమట వాసన గేటు దగ్గర తెలుస్తుంది నాకు. లోపలికి రాదు. ఆ బట్టల్లో గడప తొక్కడానికి మొహం చెల్లట్లేదు ఆయనకి."

"చచ్చినవాడికి సిగ్గేంటి ఆపా?"

"బతికున్నవాడికి లేనప్పుడు చచ్చినవాడికే ఉండాలి మరి," అనేది. "నేను పోయేలోపు ఒక్కసారి ఆయన లోపలికి వస్తే చాలు. మంచు పడితే రాయి చెక్కేవాడు పని ఆపేస్తాడు. ఈసారైనా చూడు."

చూస్తాను అనేవాణ్ణి. ఆ మాట అనడానికి నాకేం ఖర్చు?

ఊరికి తూర్పున నీళ్ళ ట్యాంకు మిట్ట ఉంది. అక్కడ కెమెరా నిలబెడితే కింద మా వీధి, ముందు మా ఇల్లే, తర్వాత పోప్లార్ చెట్ల వెంట మిగతా ఇళ్ళు, ఆ చివర గోరీల దిబ్బ, దాని వెనక సరస్సు, సూర్యుడు. అన్నీ ఒకే ఫోటోలో పడతాయి. దిబ్బ మీది చిన్న గుమ్మటాలు, ఇనప చంద్రవంకలు ఎర్రటి వెలుగులో నల్లగా కనిపిస్తాయి. గోరీలని తెలియనివాళ్ళకి అదేదో కోటలా ఉంటుంది. తెలియనివాళ్ళ కోసమే కదా తీస్తున్నది.

సెప్టెంబరు చివర్లో మొదలుపెట్టాను. రోజూ తీసేవాణ్ణి. నాలుగు రోజులు బాగానే వచ్చాయి. ఐదో రోజు ఫోటోలో, దిబ్బ ఏటవాలు మీద నల్లటి చుక్కలు కనిపించాయి. కెమెరాలో దుమ్ము అనుకున్నాను. ఊది, గుడ్డతో తుడిచి, మర్నాడు తీశాను. ఏమీ లేవు. ఆ ఐదో ఫోటో పక్కన పడేశాను.

వారం తర్వాత మళ్ళీ వచ్చాయి. ఈసారి చుక్కలు దిబ్బ దిగువన ఉన్నాయి. కొంచెం పెద్దవయ్యాయి. దుకాణానికి వచ్చిన మెలిస్ నా భుజం మీంచి తెర చూసి, "నీ కెమెరాకి ముసలితనం వచ్చింది బైకె. కంట్లో పువ్వు పూసింది," అన్నాడు. నేను వాణ్ణి తిట్టి, తారీఖు చూశాను. రెండూ గురువారాలే.

గురువారమైతే మాత్రం ఏమిటి? గురువారాలు జనం గోరీల దగ్గరకు వెళ్తారు. వాళ్ళే అయ్యుంటారు. ఈ మాత్రం దానికి మా వీధిలోని ఆడవాళ్ళైతే ఈపాటికి ముల్లాని పిలిచి గొర్రెని కోయించేవాళ్ళు. నాకు వాళ్ళని తలుచుకుంటేనే నవ్వొచ్చింది.

మూడో గురువారం నేను కావాలనే కళ్ళు విప్పుకుని చూశాను. దిబ్బ మీద పిట్ట కూడా లేదు. వీధిలో ఒక ఆవు, ఒక సైకిలు. మీట నొక్కాను. ఇంటికొచ్చి తెర మీద పెద్దది చేసి చూశాను.

మనుషులు.

దిబ్బ నుంచి వీధి మొదటికి వరసగా దిగుతున్నారు. వెలుగు వెనకనుంచి పడుతోంది కాబట్టి ముఖాలు లేవు, నలుపే. అంచులు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. కోటు మెడలు, టై ముడి. ఇంకా పెద్దది చేశాను. అందరి భుజాలూ ఒకవైపుకి వాలి ఉన్నాయి... రెండు వేళ్ళు.

కుర్చీలోంచి లేచి కిటికీ మూశాను. చలి అనుకున్నాను. కాదు, భయం, చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గులేదు. వరసలో అందరికన్నా వెనక ఒకడు విడిగా నడుస్తున్నాడు. వాడు కోటు విప్పి చేత పట్టుకున్నాడు. చొక్కా చేతులతో, ముడుచుకుని, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు నడుస్తున్నాడు.

ఆ మనిషెవరో నాకు అప్పుడే తెలుసు. తెలియలేదని నాకు నేను చెప్పుకున్నాను, అంతే.

ఆ రాత్రి భోజనం దగ్గర అమ్మ అడిగింది. "ఇవాళ కూడా ఆయన గేటు దాకా వచ్చాడురా. గాలి మారింది. రాయి సంగతి..."

"ఆపా, మెలిస్ పని అయిపోనీ. అయ్యాక మార్పిస్తాను. గుర్రాన్ని కూడా చెక్కిస్తాను, సరేనా? ఆ గుర్రం పేడని కూడా."

అమ్మ నా వైపు చూసింది. కోపంగా కాదు. పక్కింటివాడి పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

తర్వాతి వారమంతా మబ్బులు. పదకొండు ఫోటోలు అయిపోయాయి, పన్నెండోది కుదరట్లేదు. రేపు పొద్దున అచ్చు వేసేవాడు వస్తాడు, ఈ రాత్రికి పంపకపోతే గోడ ఖాళీగా ఉంటుంది, ఇంకొకణ్ణి చూసుకుంటానన్నాడు మెలిస్. ఆ రోజు గురువారం. సాయంత్రం ఉన్నట్టుండి పడమట మబ్బు చీలింది. నా జన్మలో అలాంటి వెలుగు చూడలేదు. సరస్సు మొత్తం కాగిన రాగిలా మెరిసింది. వీధిలో పొగగొట్టాల నుంచి పొగలు, ప్రతి ఇంటి నుంచీ నూనె వాసన. మిట్ట మీదికి కూడా వచ్చింది ఆ వాసన. నాకు కడుపులో ఆకలి కూడా పుట్టింది. ఒకే ఒక్క ఫోటో తీశాను. మబ్బు మళ్ళీ మూసుకుంది.

ఇంటికొచ్చాను. వంటగదిలో అమ్మ పిండి వత్తుతోంది. నేను నా గదిలో కూర్చుని ఫోటో తెరిచాను.

వాళ్ళు ఊళ్ళోకి వచ్చేశారు. ఒక్కో గేటు ముందు ఒక్కొక్కడు, నా సూటులో, ఇంటివైపు తిరిగి నిలబడి ఉన్నాడు. చాలామంది పోప్లార్ నీడల్లో కలిసిపోయారు. వెతికితే తప్ప కనిపించరు. వాళ్ళతో ఇబ్బంది లేదు. కానీ అన్నిటికన్నా ముందు మా గేటు ఉంది. మా గేటు ముందు, ఫోటోకి సరిగ్గా మధ్యలో, పాడుచేసేంత పెద్దగా, ఒకడు. చొక్కా చేతులతో. కోటు గేటు మీద వేసి ఉంది. కుడిచెయ్యి పక్కకి, నడుం ఎత్తున, గాల్లో చాచి ఉంది. కింద ఏమీ లేదు. కానీ ఆ అరచెయ్యి వంపు నాకు తెలుసు. గుర్రం మెడ మీద చెయ్యి అలాగే పెడతారు.

ముఖం నలుపే. అయినా నాకు తెలుసు.

ఇక్కడ నేను చేసింది చెబుతాను. నన్ను నేను వెనకేసుకు రాను. నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. బతికున్నప్పుడు బడి దగ్గరికి ఆ కోటుతో వచ్చి నా పరువు తీశాడు. ఇప్పుడు నా పన్నెండో ఫోటోకి అడ్డం నిలబడ్డాడు. "ఇక్కడికి కూడా వచ్చావా," అన్నాను తెరతో.

చెరపడం నాకు వెన్నతో పెట్టిన విద్య. పక్కనున్న ఆకాశం ముక్క తీసుకుని మచ్చ మీద పెడితే మచ్చ పోతుంది. అరవై మూడు తలలు అతికించినవాడికి ఒక తల తీసేయడం ఎంతసేపు? ముందు తల మీద ఆకాశం పెట్టాను.

వంటగదిలో మొదటి తోకోచ్ నూనెలో పడింది. చుయ్‌మంది.

"రా..." అంది అమ్మ.

నన్ను కాదు. గొంతు తగ్గించి అంటోంది.

"రా... కోటు విప్పేశావు కదా, ఇంకేం... గడప దాటు... ఇక్కడ మనవాళ్ళే..."

నా చెయ్యి ఆగింది. గదిలోకి ఏదో వాసన వచ్చింది. నూనెది కాదు. తడిసిన గుర్రం, ఎండుగడ్డి, తోలు... నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఎముక విరిగితే నన్ను ఎత్తుకుని పరిగెత్తినప్పుడు ఆయన ఛాతీ మీద ఉన్న వాసన.

నేను ఆపేయొచ్చు. అప్పటికి పోయింది తల ఒక్కటే. ఒక్క మీట నొక్కితే అది కూడా వెనక్కి వచ్చేది.

మెలిస్ మెసేజ్ మోగింది. "బైకె, పంపావా?"

భుజాల మీద పోప్లార్ పెట్టాను. చొక్కా మీద గేటు కర్రలు పెట్టాను. బూట్ల మీద మట్టి.

"ఇదిగో, కూర్చో..." వంటగదిలో అమ్మ నవ్వింది. మూడేళ్ళుగా ఆ నవ్వు వినలేదు. "చేతులు చల్లగా ఉన్నాయే... ఇలా పొయ్యి దగ్గర పెట్టు..."

చెయ్యి ఒక్కటే మిగిలింది. గాల్లో, ఒంటరిగా. దాని మీద కూడా వీధి ముక్క పెట్టేశాను.

వంటగదిలో చప్పుడు ఆగిపోయింది.

తర్వాత అమ్మ గొంతు, మామూలుగా. "ఎస్తెబెస్... తలుపు ఏమన్నా తీశావా?"

"లేదు ఆపా."

"ఇప్పుడే ఇక్కడ ఉన్నాడు. చెయ్యి పట్టుకుని ఉన్నాను... ఎక్కడికి వెళ్ళాడు?"

నేను ఫోటో పంపేశాను. మెలిస్ వెంటనే ఫోన్ చేశాడు. "మిగతా పదకొండూ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు బైకె! ఆ గేటు దగ్గర ఎంత ప్రశాంతంగా ఉందో. ఒక్క మచ్చ లేదు. నువ్వే మా ఫోటోగ్రాఫర్‌వి, పో!" అన్నాడు. నేను కోరుకున్నది అదే. ఎంచక్కా దొరికింది.

పొద్దున దిబ్బకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అడగకండి. నాన్న రాయి మీద సూటు ఉంది. టై ఉంది. వాలిన భుజం ఉంది. కాలరు పైన ఏమీ లేదు... ఉత్త నల్లరాయి, నునుపుగా, ఎవరూ ఎన్నడూ ఉలి పెట్టనట్టు. వేలితో తడిమాను. గరుకు కూడా లేదు. వంగి చూశాను. ఆ నునుపులో నా ముఖం కనిపించింది. సరిగ్గా ఆ కాలరు మీద కూర్చుని ఉంది. అతుకు కూడా తెలియకుండా. ఇన్నేళ్ళలో నేను కూడా అంత చక్కగా అతికించలేదు.

రాయి చెక్కేవాడికి ఫోన్ చేశాను. "రాయి మీద గీత చెరగదు బైకె, పొద్దున్నే తాగావా?" అన్నాడు. వాడి మాటలో వెటకారం ఉంది. నాకు ఆ వెటకారం బాగా తెలుసు, రోజూ నేను వాడేదే.

సరే, అనుకున్నాను. పాత ఫోటో ఉంది కదా. కోటు, టోపీ, గుర్రం. అమ్మ అడిగినట్టే చెక్కిస్తాను. ఈరోజే పంపిస్తాను. పరుగులాంటి నడకతో ఇంటికొచ్చి పెట్టె అడుగునుంచి ఫోటో తీశాను.

గుర్రం ఉంది.

బూడిదరంగు ఆడగుర్రం, ఒక్కతే, పచ్చికలో నిలబడి పక్కకి చూస్తోంది. దాని పక్కన గడ్డి ఉంది, కొండలున్నాయి. మనిషి లేడు. మెడ మీద వెంట్రుకలు ఒకచోట అణిగి ఉన్నాయి... ఐదు వేళ్ళ మేర.

ఎప్పుడు వచ్చిందో, అమ్మ నా వెనక నిలబడి ఉంది. ఫోటో నా చేతిలోంచి తీసుకుంది. వెలుగులోకి పట్టుకెళ్ళి చూసింది. నేను ఏదో ఒక అబద్ధం తయారు చేసుకుంటున్నాను, పాతబడి రంగు వెలిసిందనో, తేమ తగిలిందనో. అమ్మ ఫోటో మడవకుండా రవికలో పెట్టుకుని పిండి డబ్బా మూత పెట్టడానికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె కాళ్ళు పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేదు. అలాంటివి చేసేవాళ్ళని చూసి నవ్వడమే నాకు అలవాటు.

నాకు ఒక్కటే ఆశ మిగిలింది. వచ్చే గురువారం మిట్ట ఎక్కుతాను. ఫోటో తీస్తాను. ఆయన మళ్ళీ వస్తే, ఎక్కడున్నా, ఎంత అడ్డంగా ఉన్నా, ముట్టుకోను. ఆ ఫోటోనే చెక్కిస్తాను. చొక్కా చేతులతోనే చెక్కిస్తాను. అమ్మకి చూపిస్తాను. ఆ తర్వాత మెలిస్ గోడలు కూలిపోనీ.

గురువారం వచ్చింది. ఆకాశం తేటగా ఉంది. కొండల మీద అప్పటికే మంచు. మిట్ట మీద ఎండిన గడ్డి తప్ప ఏమీ లేదు. గాలి కూడా లేదు. కింద మా పొగగొట్టం నుంచి సన్నగా పొగ లేచింది, నూనె వాసన వచ్చింది. సూర్యుడు నీటిని తాకాడు. మీట నొక్కాను.

కెమెరా వెనక ఉన్న చిన్న తెరలో చూశాను.

గేట్ల ముందు వాళ్ళంతా ఉన్నారు. అరవై ఇద్దరు... లెక్కపెట్టలేదు, తెలుసు. ఈసారి ఎవరూ ఇళ్ళవైపు తిరిగి లేరు. అందరూ తలలు ఎత్తి మిట్టవైపు చూస్తున్నారు. నావైపు.

మా గేటు ముందు ఎవరూ లేరు.

తెర అంచున ఏదో నల్లగా అడ్డం వచ్చింది. నా వేలు అనుకున్నాను. వేలు కాదు. గుండీ. కోటు గుండీ. దాని పైన ఇంకొకటి. దాని పైన టై ముడి... పాతికేళ్ళ కిందట అద్దం ముందు నేను ఏడుసార్లు విప్పి కట్టుకున్న ముడి. ఎడమ భుజం, రెండు వేళ్ళు కిందికి. కెమెరాకి ఎదురుగా, రెండడుగుల దూరంలో. కాలరు పైన... ఎర్రటి ఆకాశం. ఒక్క మచ్చ లేదు.

కళ్ళెత్తాను. ఎదురుగా ఎండుగడ్డి. అంతే. గడ్డి ఒకచోట, రెండు పాదాల మేర, అణిగి ఉంది. చూస్తుండగానే దాని పక్కన ఇంకో రెండు పాదాల మేర అణిగింది. ఇటువైపు.

కెమెరా అక్కడే వదిలి పరిగెత్తాను. మిట్ట ఎలా దిగానో, గేటు ఎలా దాటానో తెలియదు. ఒకచోట నా మెడ మీద చల్లగా ఏదో తగిలింది, కొలత తీస్తున్నట్టు. వెనక్కి తిరగలేదు.

వంటగదిలో అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పళ్ళెంలో ఏడు తోకోచ్‌లు, పొగలు కక్కుతూ. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆమె తలెత్తింది. నా ముఖం వైపు చూడలేదు. నా భుజాల వైపు చూసింది, కాలరు దాకా చూసి, అక్కడ ఆపేసింది. ఇక పైన చూడడానికి ఏమీ లేనట్టు.

"ఆపా..." అన్నాను.

ఆమె చెవికి చేరినట్టు లేదు. ఏదో గాలికి తల తిప్పినట్టు తిప్పింది.

పక్కన కూర్చుని, ఎప్పటిలాగే పళ్ళెం మీదికి చెయ్యి చాచాను. అమ్మ పళ్ళెం మెల్లిగా పక్కకి జరిపింది. కోపంగా కాదు. ప్రేమగానే.

"నీకు ఇది దేనికిరా," అంది నాకూ, తలుపుకీ మధ్య ఎక్కడో చూస్తూ. "వాసన చాలదూ?"

ఇది జరిగి ఐదు గురువారాలైంది. నేను హోటల్‌కి వెళ్తున్నాను, ఫోటోలు తీస్తున్నాను. పన్నెండో సూర్యాస్తమయం ముందు నిలబడి జనం నోళ్ళు వెళ్ళబెడుతున్నారు. నన్ను కూడా వాళ్ళ ఫోటోల్లో నిలబడమంటారు. నేను నిలబడను. అమ్మ ఆ వాసన మాట మళ్ళీ ఎత్తలేదు, నాకు కంచం పెట్టడం మానేసింది. నేను కూడా అడగడం లేదు.

అమ్మ పళ్ళెం జరిపిన ఆ రోజు ఒక్క తోకోచ్ అడుగుదామనే అనుకున్నాను. నోరు తెరిచాను, వేడి నూనె వాసన లోపలికి పోయింది.

నిజంగానే... కడుపు నిండిపోయింది.